విప్పి మూలన పెట్టే పెయింట్ బూత్: నాలుగేళ్లు వాడాక

మాది విజయవాడ శివారు. కారు షెడ్డు లోపలి కొలత 20 అడుగులు, 11 అడుగులు. పాత స్కూటర్లు బాగుచేసే పిచ్చి నాది, నాన్నగారి చేతక్‌తో మొదలైంది. షెడ్డులో పెయింట్ బూత్, అంటే దుమ్ము పడకుండా రంగు కొట్టుకునే గది, కడతానన్నప్పుడు మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: ఆదివారం రాత్రికి కారు లోపలికి రావాలి. నా బూత్ రూపురేఖలన్నీ ఆ షరతులోంచి వచ్చినవే. ఈ నాలుగేళ్లలో ఐదు స్కూటర్లు, ఒక యెజ్డీ, చుట్టాలవి లెక్కలేనన్ని గేట్లు, ఇనప కుర్చీలు అందులోంచి బయటికొచ్చాయి.

మొదట పీవీసీ పైపులతో కట్టాను. చవక, తేలిక. ఫ్యాన్ వేయగానే షీట్లు లోపలికి లాక్కున్నాయి, పైపులు విల్లులా వంగాయి. నెల తిరక్కుండా ఆ పైపులు పెరట్లో బీరపాదుకు పందిరయ్యాయి. తర్వాత వెల్డింగ్ షాపులో అంగుళం చదరపు గొట్టాలతో ఫ్రేమ్ చేయించాను, 16 గేజ్. పొడవు 10, వెడల్పు 8, ఎత్తు 7 అడుగులు. మూలల్లో కాస్త పెద్ద గొట్టం ముక్కలు మూడు వైపులకు వెల్డ్ చేయించి, వాటిలోకి ఈ గొట్టాలు దూర్చి చెవుల నట్లతో బిగిస్తాను. పానా అక్కర్లేదు. గొట్టాలు తుప్పు పట్టకుండా రంగు వేశాక అవే మూలల్లో దూరలేదు! రంగు మందం సంగతి వెల్డింగ్ రోజున నాకు తట్టలేదు. చివర్లు మళ్లీ గీకాల్సి వచ్చింది. మీరు చేయించుకుంటే కాస్త వదులు ఉంచమనండి. గొట్టాల మీద అంకెలు రాసుకుంటే ఒక్కడే 40 నిమిషాల్లో నిలబెట్టొచ్చు. మా వాడు సాయం వస్తే 25. విప్పి కట్టగా గోడకు ఆనిస్తే జానెడు చోటు చాలు. ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

గోడలకు పాలీహౌస్‌లకు వేసే 200 మైక్రాన్ల షీటు. దాన్ని ఫ్రేమ్‌కు లోపల వైపు కట్టడం నా రెండో తప్పు. చేతక్ పక్క డిక్కీకి ఆఖరి కోటు వేసి ఒక అడుగు వెనక్కి జరిగాను. ఫ్యాన్ లాగుడికి షీటు ఉబ్బి వచ్చి తడి రంగుకు అతుక్కుంది. దాన్ని ఊడబీకినప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అదే షీటు బయటవైపు కడితే గొట్టాలే దాన్ని ఆపుతాయి. గాలి లోపలికొచ్చే ఫిల్టర్ వైశాల్యం కూడా పెంచాలి. లోపలికి వచ్చే దారి ఇరుకైతే షీట్లు ఎటు కట్టినా లాక్కుంటాయి. నేను ఏసీ డక్టులకు వాడే పాలిస్టర్ ఫిల్టర్ రోల్ కొని, ముందు వైపు గోడ సగానికి పైగా దాంతోనే నింపాను.

గాలి లెక్క చాలామంది వదిలేస్తారు. పెయింట్ బూత్‌లో గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో కదలాలన్నది పరిశ్రమల్లో పాటించే కొలత. నా బూత్ అడ్డుకోత (వెడల్పు 8, ఎత్తు 7) 56 చదరపు అడుగులు, అంటే నిమిషానికి 5,600 ఘనపుటడుగుల గాలి. నా 18 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టె మీద రాసింది అందులో సగమే. ఫిల్టర్ అడ్డం పెడితే అదీ రాదు. పైగా ఆ ఫ్యాన్ మోటారు సరిగ్గా థిన్నర్ ఆవిరి వెళ్లే దారిలోనే తిరుగుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఏడాదిపాటు ఏమీ కాలేదు కదా అని నడిపించేశాను, అదృష్టం. ఇప్పుడు మోటారు గాలిదారికి బయట ఉండే, బెల్టుతో నడిచే బ్లోవర్ వాడుతున్నాను. ఫ్రేమ్‌కు ఎర్త్ వైరు కట్టాను. ట్యూబులైట్లన్నీ షీటుకు బయటే. మొత్తం ఖర్చులో మూడో వంతు ఈ బ్లోవర్‌కే పోయింది, రెండో ఆలోచన లేకుండా మళ్లీ పెడతాను.

ఇక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో రవ్వలు కొట్టి పాత రంగు, తుప్పు రాల్చడం. శాండ్‌బ్లాస్టింగ్ అంటాం గానీ ఇసుక మాత్రం వాడొద్దు. కృష్ణ ఇసుక ఊరికే దొరుకుతుంది, జల్లెడ పట్టి కొడదామనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం సిలికా. బ్లాస్టింగ్‌లో అది కంటికి కనపడని పొడైపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి సిలికోసిస్ తెస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. బ్రిటన్‌లో 1949 నిబంధనలతోనే ఇసుకతో బ్లాస్టింగ్ ఆపేశారు. నేను గార్నెట్ వాడతాను. శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ ఉండే ఎర్రటి ఖనిజమే ఇది. షాపులో 25 కిలోల సంచుల్లో దొరుకుతుంది. మందపాటి ఇనుముకు 30/60 మెష్ (రవ్వ సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం), పలుచటి రేకుకు 80 మెష్. రేకు మీద గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ దాటితే డిక్కీ అప్పడంలా వంకర తిరుగుతుంది. జల్లెడ పట్టి మూడు నాలుగు సార్లు వాడొచ్చు. వానాకాలంలో చెమ్మ పడితే గన్‌లో ముద్ద కడుతుంది, ఎండబెట్టుకోవాలి.

నా 3 హెచ్‌పీ కంప్రెసర్ స్ప్రే గన్‌కు బాగానే సరిపోతుంది. బ్లాస్టింగ్‌కు మాత్రం రెండు నిమిషాలు కొడితే అది నాలుగు నిమిషాలు ఆయాసపడుతుంది. ఒక్క స్కూటర్ రిమ్ముకు గంట పట్టింది. పూర్తి బాడీ ఇంట్లో బ్లాస్ట్ చేయడం మీద ఆశ నాకు అక్కడే పోయింది. ఇప్పుడు పెద్దవన్నీ ఆటోనగర్‌కు పంపిస్తాను. బ్రాకెట్లు, రిమ్ములు, స్టాండ్లు మాత్రం ఇంట్లో.

అసలు తగువు ఈ రెండు పనుల మధ్యే. బ్లాస్ట్ చేసిన ఇనుము మన కోస్తా చెమ్మకు కొన్ని గంటల్లోనే ఎర్రబారుతుంది, కాబట్టి ఆ రోజే ప్రైమర్ పడాలి. కానీ ప్రైమర్ వేయాల్సిన బూత్ నిండా అప్పుడే లేపిన దుమ్ము. ఎంత ఊడ్చినా షీటు మడతల్లో దాగిన గార్నెట్ రవ్వ సరిగ్గా ఆఖరి కోటు మీదే రాలుతుంది. ఏడాదిన్నర ఇలా వాటర్ పేపర్‌తో రుద్దుకుంటూనే గడిపాను. చివరికి ఫ్రేమ్ ఒకటే ఉంచి బట్టలు రెండు జతలు చేశాను. బ్లాస్టింగ్‌కు పాత బరకాలు, రంగుకు పాలిథిన్. దుమ్ము లాగడానికి కూడా రంగు బ్లోవర్ వాడను, ఆ పాత ఎగ్జాస్ట్ ఫ్యానే, మూతికి గుడ్డ సంచి కట్టి. పొద్దున బ్లాస్టింగ్ అయ్యాక బరకాలు విప్పి, గొట్టాలు గాలితో ఊది, నేల కడిగి, షీట్లు కట్టేసరికి గంటన్నర. ఆ గంటన్నర సామాన్లన్నీ ఏసీ వేసిన మా పడగ్గదిలో పేపర్ల మీద ఉంటాయి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు ఆగుతుంది. చేతికి గ్లౌజులు ఉండాలి, వేలిముద్ర పడ్డ చోట కూడా తుప్పు లేస్తుంది. ఈ ఏర్పాటు గురించి మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయను.

బరకాలు కూడా దుమ్మును పూర్తిగా ఆపవు. అవి కట్టిన మొదటి వేసవిలో గుడ్డ సంచి ఇంకా లేదు. పక్కింటి పిన్నిగారు పళ్లెం తెచ్చి చూపించారు: "బాబూ, వడియాలకు ఈ గులాబీ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఆ వడియాల ఖర్చు నాదే అయింది. సంచి కట్టింది ఆ తర్వాతే.

రంగు సంగతి క్లుప్తంగా. జులై, ఆగస్టుల్లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వేయకండి. థిన్నర్ చటుక్కున ఆవిరై రేకును చల్లబరుస్తుంది, గాలిలో చెమ్మ దాని మీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదలాలి, లైనులో నీళ్లు పట్టే ఫిల్టర్ ఉండాలి. 2కె పీయూ (రెండు భాగాలు కలిపి కొట్టే పాలియురెథేన్) రంగుల గట్టిపడే మందులో ఐసోసయనేట్లనే, ఊపిరికి హాని చేసే రసాయనాలు ఉంటాయి, వాటికి మామూలు కార్బన్ మాస్కును నమ్మలేం. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. నా దగ్గర అది లేదు, కాబట్టి ఇంట్లో పీయూ కొట్టను. మాస్కు క్యాట్రిడ్జ్‌లు వాడాక మూత బిగించిన డబ్బాలో పెడతాను. బయట వదిలేస్తే ఊరికే ఉండి కూడా అయిపోతాయి.

నాలుగేళ్లలో పాలిథిన్ రెండుసార్లు మార్చాను. తలుపుగా పెట్టిన జిప్పు గార్నెట్ పడి ఆరు నెలలకే పోయింది, ఇప్పుడు రెండు షీట్లు అడుగు మేర ఒకదాని మీద ఒకటి వేలాడతాయి, అదే తలుపు. రోలింగ్ షట్టర్ గాడిలో ఇప్పటికీ ఎర్ర రవ్వలు కరకరలాడతాయి. కంప్రెసర్ కాకుండా నాకైన ఖర్చు 38 వేలు. అందులో పీవీసీ పైపులకు, జిప్పుకు, వడియాలకు పోయింది కూడా కలిపాను.

కారు మాత్రం ఈ నాలుగేళ్లలో మూడు రాత్రులే బయట పడుకుంది.