తిండి వ్యసనానికి గట్ టెస్ట్ ప్యాకేజీ: కిట్, రిపోర్టు, క్యాప్సూల్స్, పీచు పొడి మీద సమీక్ష

కడుపు నిండినా చెయ్యి ఆగకపోవడానికి కారణం పేగుల్లోని బ్యాక్టీరియా అనీ, దాన్ని సరిచేస్తే తిండి మీద యావ తగ్గుతుందనీ చెప్పి అమ్మే ప్యాకేజీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి. పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: ఇంట్లోనే మలం శాంపిల్ తీసి పంపే కిట్, ఫోన్‌లో వచ్చే రిపోర్టు, ఆ రిపోర్టు ప్రకారం మీ కోసమే కలిపామంటూ పంపే క్యాప్సూల్స్, పీచు పొడి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కిట్ బాగానే పనిచేస్తుంది. రిపోర్టు తనకు తెలిసినదానికన్నా ఎక్కువ మాట్లాడుతుంది. పొడిలో నిజంగా పనికొచ్చే సరుకు ఉంది గానీ, దాన్ని వాడుకోవడానికి టెస్ట్ అవసరం లేదు.

ముందు ఈ వ్యాపారానికి ఆధారమైన సైన్స్ సంగతి. తిండి వ్యసనం అనేది మానసిక వైద్యుల డీఎస్ఎం-5 జాబితాలో విడిగా గుర్తించిన జబ్బు కాదు. అదుపు లేకుండా తినే బింజ్ ఈటింగ్ డిజార్డర్ మాత్రం అందులో ఉంది. పరిశోధనల్లో తిండి వ్యసనాన్ని యేల్ ఫుడ్ అడిక్షన్ స్కేల్ అనే ప్రశ్నావళితో కొలుస్తారు. అది 2009లో వచ్చింది, 2016లో 35 ప్రశ్నలతో రెండో రూపం తీసుకుంది. గడిచిన 12 నెలల అలవాట్లను అడిగి, 11 లక్షణాల్లో ఎన్ని ఉన్నాయో, వాటివల్ల బతుకు ఎంత ఇబ్బంది పడుతోందో చూస్తుంది. ఈ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది 2024లో గట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన బార్సిలోనా బృందం పని. ఎలుకల్లో తిండి కోసం వదలకుండా వెతకడం, దానికోసం ఎంత కష్టమైనా పడటం, షాక్ తగులుతున్నా మానలేకపోవడం అనే మూడు గుణాలను కొలిచారు. మనుషుల్లో 88 మందికి యేల్ ప్రశ్నావళి ఇచ్చారు. రెండుచోట్లా, వ్యసన లక్షణాలు ఉన్నవాళ్లలో బ్లాటియా అనే బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. బ్లాటియా వెక్స్‌లెరే అనే జాతిని తినిపిస్తే ఎలుకల్లో ఆ గుణాలు తగ్గాయి. లాక్టులోజ్, రామ్నోజ్ అనే పిండిపదార్థాలతోనూ ఎలుకల్లో అలాంటి మేలే కనిపించింది.

ఇది మంచి పరిశోధన. అయితే చికిత్స ఫలితం చూసింది ఎలుకల్లోనే. మనుషుల్లో కనిపించింది సంబంధం మాత్రమే. బ్లాటియా తగ్గడం వల్ల యావ పెరిగిందా, యావతో తిన్న తిండి వల్ల బ్లాటియా తగ్గిందా అన్నది మనుషుల లెక్క ఒక్కదాన్నీ చూసి తేల్చలేం. ప్రకటనలు దాటేసే మెట్టు సరిగ్గా ఇదే.

ఇక కిట్. చిన్న గొట్టం, అందులో డీఎన్ఏ చెడకుండా కాపాడే ద్రవం, దూది పుల్ల లేదా చిన్న గరిటె, మలం నీళ్లలో పడకుండా పట్టే కాగితం: ఇంతే ఉంటుంది, చాలు కూడా. ఆ ద్రవం ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ద్రవం లేని పొడి దూది పుల్లను మామూలు పోస్టులో పంపితే దారిలో ఈ-కొలై లాంటివి పెరిగిపోయి అసలు లెక్కనే మార్చేస్తాయి. శాంపిల్ ఎక్కువైతే మంచిదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. సూచనలో బియ్యపు గింజంత అని ఉంటే అంతే తీయాలి. ఎక్కువ వేస్తే ద్రవం చాలదు, మలంలో ఉండే ఇతర పదార్థాలు డీఎన్ఏ కాపీలు తీసే రసాయన చర్యను అడ్డుకుంటాయి, శాంపిల్ ఫెయిలయిందని మెయిల్ వస్తుంది. మూత బిగించాక గొట్టాన్ని అర నిమిషమైనా గట్టిగా కుదపాలి, ముద్ద అడుగున ఉండిపోకూడదు. మూత్రం, టాయిలెట్ నీళ్లు తగలకూడదు. యాంటీబయాటిక్స్ వాడిన వెంటనే, కొలనోస్కోపీ కోసం పేగులు ఖాళీ చేసుకున్న వెంటనే, విరేచనాల మధ్యలో తీసిన శాంపిల్ మీ మామూలు స్థితిని చూపదు.

రిపోర్టు దగ్గరే అసలు చిక్కు. చాలా కిట్లు 16ఎస్ అనే పద్ధతిలో బ్యాక్టీరియాలోని ఒకే ఒక జన్యువు ముక్కను చదువుతాయి. దానితో ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) దాకా బాగానే తెలుస్తుంది గానీ, అందులోని ఒక్కో జాతి దాకా నమ్మకంగా పోలేం. అంటే బ్లాటియా ఉందని చెప్పగలదు; ఎలుకలకు ఇచ్చిన వెక్స్‌లెరేనా, ఇంకొకటా అని గట్టిగా చెప్పలేదు. షాట్‌గన్ మెటాజెనోమిక్స్ అని రాసి ఉంటే మొత్తం డీఎన్ఏను చదువుతారు, జాతి దాకా తెలుస్తుంది. ఇంకో సంగతి రిపోర్టులో ఎక్కడా కనిపించదు. బ్లాటియా గోడ మందంగా ఉండే గ్రామ్ పాజిటివ్ రకం. ల్యాబులో సన్నని పూసలతో కుదిపి ఆ గోడను బద్దలు కొట్టకపోతే దాని డీఎన్ఏ పూర్తిగా బయటికి రాదు, రిపోర్టులో తక్కువగా పడుతుంది. మీకు బ్లాటియా తక్కువ అని వచ్చిందంటే అది మీ పేగుల సంగతి కావచ్చు, ల్యాబు పద్ధతి సంగతీ కావచ్చు.

అంకెలన్నీ శాతాల్లో ఉండటం మరో ఇబ్బంది. ఒక రకం విపరీతంగా పెరిగితే మిగతావాటి సంఖ్య మారకపోయినా వాటి శాతం పడిపోతుంది. పైగా మలం గట్టిగా ఉందా పల్చగా ఉందా అన్నదే బ్యాక్టీరియా లెక్కను బాగా మార్చేస్తుంది. శాంపిల్ తీసిన రోజు బ్రిస్టల్ స్కేలులో ఎన్నో రకమో (1 అంటే గట్టి ఉండలు, 7 అంటే నీళ్లు) అడగని రిపోర్టును మనం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఫర్మిక్యూట్స్, బాక్టీరాయిడిటీస్ అనే రెండు పెద్ద బ్యాక్టీరియా వర్గాల నిష్పత్తిని చూపించి ఇది ఊబకాయానికి గుర్తు అనే పేజీ ఉంటే తిప్పేయండి. మొదట్లో వచ్చిన ఆ అంచనా తర్వాతి అధ్యయనాల్లో నిలకడగా రాలేదు. వందకు ఇంత అని ఇచ్చే క్రేవింగ్ (యావ) స్కోరుకు గానీ, గట్ స్కోరుకు గానీ అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. ఆరోగ్యవంతుల పేగుల్లో బ్లాటియా ఇంత ఉండాలి అనే హద్దే లేనప్పుడు తక్కువ, ఎక్కువ అనే ఎర్ర, ఆకుపచ్చ రంగులు దేనితో పోల్చి వేశారో కంపెనీ చెప్పాలి. చాలా రిపోర్టులు చెప్పవు. మనసు తీరుతో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనంలో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది కాబట్టి బ్యాక్టీరియా మీ మనసును నడుపుతుంది అనే వాక్యం కూడా తరచుగా కనిపిస్తుంది. తయారవుతుందన్నది నిజమే. ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటదన్నది కూడా అంతే నిజం. పేగు నుంచి మెదడుకు కబురు వెళ్లే దారులు వేగస్ నరం, జీఎల్పీ-1, పీవైవై లాంటి హార్మోన్లు, పీచు పులిసినప్పుడు పుట్టే ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు. మలంలో బ్యాక్టీరియా పేర్ల జాబితా ఇవేవీ కొలవదు.

యావ ఎంత ఉందో తెలుసుకోవడానికి యేల్ ప్రశ్నావళి ఈ రిపోర్టుకన్నా సూటైన సాధనం, దాన్ని నింపడానికి పావుగంట చాలు. బ్యాక్టీరియా జాబితా యావకు కారణం చూపుతుందనే మాటను మాత్రం ఇప్పుడున్న సాక్ష్యం మోయలేదు.

క్యాప్సూల్స్ విషయంలో సీసా మీద చూడాల్సింది మూడు మాటల పేరు. ప్రజాతి, జాతి, ఆ తర్వాత స్ట్రెయిన్ (జాతిలోని ఒక ప్రత్యేక రకం) కోడ్. కోడ్ లేకపోతే ఏ పరిశోధన ఫలితాన్నీ ఆ సీసాకు అంటగట్టలేం. సీఎఫ్‌యూ లెక్క, అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క, తయారైన రోజుదా, గడువు తీరే రోజుదా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే బతికున్న బ్యాక్టీరియా సంఖ్య అల్మారాలో రోజురోజుకీ పడిపోతూ ఉంటుంది. హాఫ్నియా ఆల్వే హెచ్‌ఏ4597 అనే స్ట్రెయిన్‌కు మనుషుల్లో పరీక్ష ఉంది: 236 మంది బరువెక్కువ ఉన్నవాళ్లు, 12 వారాలు. కనీసం 3 శాతం బరువు తగ్గినవాళ్లు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) గుంపులో కన్నా ఈ గుంపులో ఎక్కువ, కడుపు నిండిన భావనా మెరుగుపడింది. అందరూ కేలరీలు తగ్గించిన ఆహారం మీదే ఉన్నారని మరిచిపోవద్దు. ఈ బ్యాక్టీరియా తయారుచేసే క్లిప్-బీ ప్రోటీన్‌లో ఒక ముక్క, ఆకలిని అణిచే మన సొంత హార్మోన్ ఆల్ఫా ఎంఎస్‌హెచ్‌ను పోలి ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పే కారణం అదే, అది ఆలోచించదగ్గ కారణమే. అక్కెర్మాన్సియా అనే మరో పేగు బ్యాక్టీరియా సంగతి వేరు. 2019లో అచ్చయిన చిన్న పరీక్షలో పాశ్చరైజ్ చేసిన రకం మూడు నెలల్లో ఇన్సులిన్ పనితీరును మెరుగుపరిచింది. బరువు విషయంలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. పాశ్చరైజ్ చేసింది అంటే చనిపోయిన కణాలు, అందుకే లేబుల్ మీద లెక్క కణాల్లో ఉండాలి. దానిమీద సీఎఫ్‌యూ అని రాసి ఉంటే తయారీదారుకే సరుకు తెలియదన్నమాట.

బ్లాటియా పేరు చూసి లాక్టులోజ్ కొనుక్కుని తాగడం మాత్రం వద్దు. అది మలబద్ధకానికీ, కాలేయ జబ్బులో ఒక చిక్కుకీ వాడే మందు. తోచినంత తాగితే విరేచనాలు, ఒంట్లో నీరూ లవణాలూ పోవడం ఖాయం.

ప్యాకేజీలో దమ్మున్న భాగం పీచు పొడి, అంటే ఎక్కువగా చికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్. 2023లో గట్ పత్రికలోనే వచ్చిన లైప్‌జిగ్ పరీక్షలో బరువెక్కువ ఉన్న 59 మంది రోజుకు 30 గ్రాముల ఇన్యులిన్ 14 రోజులు తీసుకున్నారు. ఎక్కువ కేలరీల తిండి బొమ్మలు చూసి కావాలనుకునేటప్పుడు మెదడులో కోరికకు సంబంధించిన భాగాల స్పందన తగ్గింది. సమస్యల్లా ప్యాకెట్ మీద రోజుకు 3 గ్రాములో 5 గ్రాములో రాసి, 30 గ్రాముల ఫలితాన్ని పక్కన అచ్చువేయడం. ఇంకో పరీక్షను కూడా తప్పుగా వాడుతుంటారు. 2016లో ఇంపీరియల్ కాలేజ్ వాళ్లు 20 మంది పురుషుల్లో చూసినది ఇన్యులిన్‌కు ప్రొపియొనేట్‌ను అంటించి చేసిన ఇన్యులిన్ ప్రొపియొనేట్ ఈస్టర్, 10 గ్రాములు. అందులో మామూలు ఇన్యులిన్ పోలిక కోసం ఇచ్చినది, ఫలితం చూపినది ఈస్టర్. ఆ పరీక్ష పేరుతో మామూలు ఇన్యులిన్ అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమే.

వాడే పద్ధతి ఇలా ఉండాలి. మొదటి వారం రోజుకు 3 గ్రాములు, భోజనంతో. రెండో వారం 5 లేదా 6. మూడో వారం 8 నుంచి 10, రెండు పూటలకు విడగొట్టి. చెంచా కొలత నమ్మొద్దు, పొడి ఎంత మెత్తనిదో దాన్నిబట్టి చెంచా బరువు మారిపోతుంది; వంటింటి డిజిటల్ తూకం వాడండి. ఉబ్బరం, గ్యాస్ మూడు రోజులైనా తగ్గకపోతే వెనకటి మోతాదుకు దిగి మరో వారం అక్కడే ఉండండి. ఒకేసారి 10 గ్రాములతో మొదలుపెట్టి నాలుగో రోజుకు డబ్బా మూలన పడేసేవాళ్లే ఎక్కువ, ఈ పొడికి చెడ్డపేరు తెచ్చేది ఆ తొందరే. లేబుల్ మీద ఒలిగోఫ్రక్టోజ్ అని ఉంటే అది పొట్టి గొలుసు రకం, త్వరగా పులుస్తుంది, గ్యాస్ ఎక్కువ. పొడుగు గొలుసు ఇన్యులిన్ నిదానం. పుల్లటి ద్రవంలో కలిపి మరిగిస్తే ఇన్యులిన్ విరిగి ఫ్రక్టోజ్ అవుతుంది. ఇసబ్‌గోల్ దీనికి బదులు కాదు, అది పేగుల్లో పెద్దగా పులియదు. ఉల్లి, వెల్లుల్లిలో ఇన్యులిన్ ఉంది. చిక్కుడు గింజల్లో, ఓట్స్‌లో పులిసే ఇతర పీచులున్నాయి. పొడిని వాటి మీద అదనంగా చూడాలి గానీ, వాటికి బదులుగా కాదు.

ఐబీఎస్ (కడుపునొప్పి, మల విసర్జనలో తేడాలతో దీర్ఘకాలం వేధించే పేగు సమస్య) ఉన్నవాళ్లకు ఇన్యులిన్ తరచుగా బాధను పెంచుతుంది. వాళ్లకు గొలుసులను కొంతవరకు చిన్న ముక్కలుగా విడగొట్టిన గ్వార్ గమ్ (గోరుచిక్కుడు గింజల జిగురు) ఇబ్బంది తక్కువగా పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, పెద్ద రక్తనాళంలో సెంట్రల్ లైన్ (మందులెక్కించే గొట్టం) ఉన్నవాళ్లు బతికున్న బ్యాక్టీరియా క్యాప్సూల్స్ జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. విడవకుండా తిని తర్వాత వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తు ఉండటం, దాచుకుని తినడం లాంటివి ఉంటే ఈ ప్యాకేజీ ఏదీ కొనొద్దు. అది ఈటింగ్ డిజార్డర్ చూసే నిపుణుల పని, స్కోర్లు చూసుకుంటూ తిండిని ఇంకా కత్తిరించడం అక్కడ ఎదురు తిరుగుతుంది.

అయినా కిట్ కొనాలనే అనిపిస్తే డబ్బు కట్టేముందు కంపెనీకి మూడు సంగతులు రాసి అడగండి: 16ఎస్సా షాట్‌గనా, డీఎన్ఏ తీసేటప్పుడు పూసలతో కుదుపుతారా, ఫలితాన్ని ఏ గుంపుతో పోలుస్తారు. సమ్మతి పత్రం కూడా చదవండి. మలంలో మన సొంత కణాల డీఎన్ఏ కూడా ఉంటుంది, షాట్‌గన్ పద్ధతిలో అదీ చదవబడుతుంది. ఆ భాగాన్ని తీసేస్తారా, శాంపిల్ ఎన్నాళ్లు ఉంచుతారు, చెరిపేయమంటే చెరిపేస్తారా, పరిశోధనకో మరో కంపెనీకో ఇవ్వడానికి సమ్మతి గడిలో ముందే టిక్కు పెట్టి ఉందా అన్నవి చూసి, ఉంటే ఆ టిక్కు తీసేశాకే శాంపిల్ పోస్టు చేయండి.