మేమ్: ముస్తఫా గేమ్ మళ్లీ ఆడాలంటే ఇదే, కానీ కాస్త ఓపిక కావాలి

వీడియో గేమ్ షాపుల్లో ఆడిన పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడాలని ఎవరడిగినా నేను మేమ్ (MAME) అనే ప్రోగ్రామ్ పేరే చెప్తాను. ఉచితం, యాడ్స్ ఉండవు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కాకపోతే ఇది మన సరదా కోసం తయారైంది కాదు. 1997లో నికోలా సాల్మోరియా అనే ఇటలీ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు అసలు పని, పాత మెషిన్ లోపలి బోర్డు ఎలా నడిచేదో ఉన్నదున్నట్టు భద్రపరచడం. ఆడుకోవడం అనేది మనకి కొసరు. దీని మీద వచ్చే చిరాకులో సగం ఇక్కడి నుంచే పుడుతుంది.

మన ముస్తఫా గేమ్‌నే తీసుకోండి. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఎప్పుడో దాచుకున్న ఆట జిప్ ఫైల్‌ని (దీన్నే రోమ్ అంటారు, బోర్డు చిప్పుల్లోని ప్రోగ్రామ్‌కి కాపీ) కొత్త మేమ్‌లో వేస్తే ఫలానా ఫైల్ లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ బోర్డులో సౌండ్ కోసం క్యూసౌండ్ అని వేరే చిప్ ఉంటుంది, దాని లోపలి ప్రోగ్రామ్‌ని కూడా తర్వాత బయటికి తీశారు కాబట్టి కొత్త వెర్షన్లు దాన్ని విడిగా అడుగుతాయి. అంటే నిన్నటిదాకా నడిచిన ఆట అప్‌డేట్ చేయగానే నడవకపోవచ్చు, పైగా మేమ్ తయారుచేసేవాళ్ల లెక్కలో అది పురోగతి! ఆట నడుస్తుంటే మేమ్‌ని అప్‌డేట్ చేయకండి, అంతే. జిప్ ఫైల్‌ని విప్పకుండా, పేరు మార్చకుండా రోమ్స్ ఫోల్డర్‌లో పడేయండి.

ఒకసారి నడిచిందంటే మాత్రం తిరుగులేదు. 5 నొక్కితే కాయిన్ పడుతుంది, 1 నొక్కితే ఆట మొదలు, ట్యాబ్ నొక్కితే బటన్లు మార్చుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఎఫ్2. షాపు ఓనరు మెషిన్ తెరిచి చూసుకునే టెస్ట్ మెనూ అదే, ఆట ఎంత కష్టంగా ఉండాలో అక్కడే పెట్టుకోవచ్చు. మన కాయిన్లు త్వరగా అయిపోవాలని షాపుల్లో కష్టం పెంచేవాళ్లేమో అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం, ఈ మెనూ చూశాక అది ఇంకా గట్టిపడింది. ఉచితంగా కాయిన్లు పడుతుంటే ఆటలో పస ఉండదు, చచ్చిన ప్రతిసారీ లేచి గంటలోపే చివరి బాస్ దాకా వెళ్లిపోతాం. రెండు మూడు కాయిన్లకే ఆపుతానని ముందే అనుకుని కూర్చోండి, అప్పుడు చూడండి టెన్షన్.

మామూలు కీబోర్డు ఇద్దరికి చాలదు, చాలా చవక కీబోర్డులు ఒకేసారి నొక్కిన కీలన్నిటినీ పట్టుకోలేవు, సరిగ్గా దెబ్బ కొట్టే సమయానికి ఒక కీ పని చేయదు. ఒక యూఎస్‌బీ గేమ్ ప్యాడ్ కొనుక్కోవడం మేలు. ప్యాక్‌మ్యాన్, గాలగా లాంటివి నిలువు స్క్రీన్ ఆటలు కాబట్టి మన మానిటర్ మీద అటూ ఇటూ నల్లగా ఖాళీ వస్తుంది.

ఇక రోమ్స్ సంగతి. మేమ్ వాడటం చట్టబద్ధమే, ఆటల మీద హక్కులు మాత్రం కంపెనీలవి. హక్కుదారులు అనుమతిచ్చిన గ్రిడ్లీ, రాబీ రోటో లాంటి కొన్నిటిని మేమ్ సైట్‌లోనే ఇస్తారు, ఇన్‌స్టాల్ సరిగ్గా అయిందో లేదో చూసుకోవడానికి అవి చాలు. స్ట్రీట్ ఫైటర్ 2 ఒక్కటే కావాలంటే ఈ తంటా అక్కర్లేదు, క్యాప్‌కామ్ తన పాత ఆటల్ని అమ్మే క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం కొనేయండి, ప్యాడ్ పెట్టగానే ఆడుకోవచ్చు. ముస్తఫా కోసమైతే అది కొనకండి. ఆ ఆట అందులో లేదు. అది ఒక కామిక్ పుస్తకం లైసెన్సు మీద తయారైంది, 2018లో క్యాప్‌కామ్ ఏడు ఫైటింగ్ ఆటలు కలిపి అమ్మిన కట్టలో కూడా అది లేదు.