ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ లైట్లు: ఆటోనగర్ షెడ్డులో జరిగిన మరమ్మతు

కార్ల ఎలక్ట్రికల్ పనులు మాత్రమే చేసే ఈ చిన్న షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. పని అయిపోయి ఒక వర్షాకాలం గడిచాక, లైటు మళ్లీ వెలగలేదని రూఢి చేసుకున్న తరువాతే ఇది రాస్తున్నాను.

మాది 2019 నాటి డీజిల్ కారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చక్రాలు సగం మునిగేంత నీటిలో నిలబడిపోయింది. ఇంజిన్‌లోకి నీరు చేరలేదు. అయితే కొన్ని నెలలు గడిచాక మీటరులో ఏబీఎస్ లైటు, ట్రాక్షన్ కంట్రోల్ లైటు రెండూ కలిసి వెలగడం మొదలైంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మలుపుల్లో తప్పకుండా వెలిగేవి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆరిపోయేవి.

రెండు లైట్లు వెలిగాయి కాబట్టి రెండు లోపాలు ఉండి తీరాలని లేదు. ప్రతి చక్రం దగ్గరా ఉండే వీల్ స్పీడ్ సెన్సార్ ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఏబీఎస్ కంప్యూటరుకు చెబుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ చూసేది ఆ సమాచారంతోనే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఊరికే గిర్రున తిరగకుండా ట్రాక్షన్ కంట్రోల్ ఆపేదీ ఆ సమాచారంతోనే. ఒక్క సెన్సార్ మూగబోతే రెండు పనులూ ఆగిపోతాయి. మామూలు బ్రేకులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఈ రెండు పసుపు లైట్లతోపాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే అది వేరే సంగతి. బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండవచ్చు, వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడిని తగుపాళ్లలో అందించే ఏర్పాటు కూడా ఆగి ఉండవచ్చు. అప్పుడు బండిని పక్కకు తీసి ఆపవలసిందే.

మొదట చూపించిన మరో చోట స్కానర్ పెట్టి, కారు కంప్యూటరు నమోదు చేసిన లోపం కోడ్ చదివి, ఏబీఎస్ మాడ్యూల్ (ఏబీఎస్‌ను నడిపే కంప్యూటరు భాగం) మొత్తం మార్చాలన్నారు. చక్రాల దగ్గర వైరింగును ముట్టుకోనైనా లేదు. వేలకు వేలు పోసి కొనవలసిన వస్తువును ఇంత తేలిగ్గా మార్చమనడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈ షెడ్డులో పని ప్రశ్నతో మొదలైంది. "లైటు ఎప్పుడు వెలుగుతోందండీ, తిన్నగా వెళ్లేటప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా?" అని మెకానిక్ అడిగారు. మలుపుల్లోనని చెప్పగానే స్కానర్ తగిలించి, కోడ్ ఒక్కటీ చూసి ఊరుకోకుండా, నాలుగు చక్రాల వేగాలూ ఒకేసారి కనిపించే లైవ్ డేటా పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆటోనగర్ వీధుల్లోనే నెమ్మదిగా నడిపారు. తిన్నగా వెళుతున్నంతసేపు నాలుగు అంకెలూ ఇంచుమించు ఒకటే. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పగానే ముందు ఎడమ చక్రం అంకె సున్నాకు పడిపోయి, మళ్లీ పైకి లేచింది. లోపం ఏ చక్రం దగ్గర ఉందో అక్కడే తేలిపోయింది.

షెడ్డుకు తిరిగి వచ్చి జాకీ ఎత్తి, చక్రం విప్పి, దాని వెనుక ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీశారు. సెన్సార్ వైరు పైకి నిక్షేపంగా ఉంది. స్టీరింగుతోపాటు వంగే చోట బ్లేడుతో చీల్చి చూపించారు. లోపలి రాగి తీగ చిలుము పట్టి పచ్చబడి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. వైరును కారు వైరింగుతో కలిపే కప్లర్ పిన్నుల మీద కూడా అదే పచ్చదనం, అడుగున ఎండిన ఒండ్రు. కప్లర్ గుండా చేరిన వరద నీరు వైరు లోపలే నిలిచిపోయి రాగిని తినేసిందని ఆయన వివరించారు.

పాతకాలపు సెన్సార్లలో తీగచుట్ట ఉంటుంది కాబట్టి మల్టీమీటరుతో ఓములు కొలిస్తే బాగున్నదీ లేనిదీ తెలిసేది. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే సెన్సార్లు కరెంటు అందితేనే పనిచేస్తాయి; వాటిని ఆ పద్ధతిలో కొలిచి తీర్పు చెప్పకూడదు. చాలా కార్లలో సెన్సార్ చదివే అయస్కాంతపు వలయం చక్రం బేరింగ్ సీలులోనే ఉంటుంది. బేరింగ్ మార్చినప్పుడు దాన్ని తిరగేసి బిగిస్తే కొత్త సెన్సార్ వేసినా సిగ్నల్ రాదు. అందుకే బేరింగ్ ఎప్పుడైనా మార్చారా అని కూడా ఆయన ముందే అడిగారు. ఈ శ్రద్ధకే నా మొదటి మార్కులు.

వైరు సెన్సార్‌తో కలిసే వస్తుంది కాబట్టి సెన్సార్ మార్చక తప్పలేదు. మార్కెట్లో చవకగా దొరికేది వేయకుండా కంపెనీది తెప్పించమని ఆయనే చెప్పారు. కారు వైపు కప్లర్ పిన్నులను శుభ్రం చేసి, కోడ్ చెరిపి, మళ్లీ అవే మలుపులు తిప్పి చూపించాకే బండి అప్పగించారు. సెన్సార్ ఖరీదు కాక మజూరీ 800 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి ఇది న్యాయమైన ధర.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రానికి ఇస్తామన్న బండి మరునాటికి గానీ చేతికి రాలేదు. వచ్చినవారు కూర్చోవడానికి నీడ లేదు. బిల్లులో మొత్తం సొమ్ము తప్ప ఏ కోడ్ వచ్చింది, ఏ భాగం మార్చారు అన్నది రాయలేదు. అడిగిన తరువాతే రాసి ఇచ్చారు. ఇంత చక్కగా లోపం కనిపెట్టేవారు దాన్ని కాగితం మీద పెట్టడం కూడా అలవాటు చేసుకుంటే, తరువాత చూసే మెకానిక్‌కు ఎంతో మేలు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆనాటి బండ్లలో చాలావాటికి వారంటీ తీరిపోయింది కనుక ఇలాంటి పని తెలిసినవారి అవసరం పెరుగుతోంది. ఫోన్‌కు కలుపుకునే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే చదువుతాయి, ఏబీఎస్ కోడ్‌లు వాటికి అందవు. అందులో ఏమీ కనిపించలేదని నిశ్చింతగా ఉండవద్దు. ఈ షెడ్డులోనూ అన్ని కంపెనీల కార్లకూ సాఫ్ట్‌వేర్ లేదు. నేనున్నప్పుడే వచ్చిన ఒక కొత్త మోడల్ కారును, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ సరిచేసే వీలు తమ దగ్గర లేదని చెప్పి, డబ్బు తీసుకోకుండా షోరూముకు పంపించారు. గుంటూరు, మంగళగిరి వైపు నుంచి వచ్చేవారు కారు మోడల్, సంవత్సరం ఫోన్‌లో చెప్పి, స్కానర్ ఉందని తేల్చుకుని, ఉదయం పూటే బయలుదేరడం మంచిది.