హిమేజీ కోట: టికెట్ కొని లోపలికి వెళ్ళాలా, బయట నుంచి చూస్తే చాలా?

జపాన్ వెళ్తున్నాం, కోట ఒక్కటి చూడాలంటే ఏది చూడాలి అని ఈమధ్య తెలిసినవాళ్ళు తెగ అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. నా ఓటు హిమేజీకే. "ఎలాగూ ఒసాకాలో దిగుతున్నాం కదా, అక్కడి కోట చూసేస్తే పోలా" అంటారు, చూడండి, పార్కు బానే ఉంటుంది, కానీ కోట మధ్యలో ఎత్తుగా కనిపించే ఆ టవర్ 1931లో కాంక్రీట్‌తో కట్టింది, లోపల లిఫ్టు, మ్యూజియం, అంతే. నగోయాలో టవర్ కూడా 1959 నాటి కాంక్రీటే, పైగా 2018 నుంచి దాన్లోకి ఎవర్నీ పంపట్లేదు. పాతకాలం టవర్ ఉన్నది ఉన్నట్టు నిలబడిన కోటలు జపాన్ మొత్తంలో 12 ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దది హిమేజీ. ఇకెదా తెరుమసా అనే ప్రభువు 1609లో పూర్తి చేయించిన చెక్క టవర్ అది. 1945లో అమెరికా బాంబులకి చుట్టూ ఊరంతా తగలబడింది, కోట మీద పడిన నిప్పుబాంబు మాత్రం పేలలేదట. అదృష్టం అంటే అదీ.

ముందు డబ్బుల సంగతి. 2026 మార్చి నుంచి బయటి ఊళ్ళవాళ్ళకి టికెట్ 2500 యెన్లు చేశారు, అంతకుముందు 1000 ఉండేది, హిమేజీ ఊరివాళ్ళకి ఇప్పటికీ 1000యే. 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఫ్రీ, కాబట్టి పిల్లలున్న ఫ్యామిలీకి మరీ అంత దెబ్బేం కాదు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళకి 5000 అంటే ఆలోచించాల్సిందే, అందుకే ఎవరు కొనాలో ఎవరు కొనక్కర్లేదో చెప్తా. కోట ముందున్న పెద్ద మైదానం, సన్నోమారు అంటారు, అక్కడిదాకా ఫ్రీ. ఫోటోల్లో మనం చూసే ఆ తెల్లటి కోట మొత్తం అక్కడినుంచే కనిపిస్తుంది, ఏప్రిల్ మొదట్లో అయితే చెర్రీ పూలతో సహా. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టండి చాలు, లోపలికి మాత్రం వద్దు. లిఫ్టు లేదు. బయటికి ఐదంతస్తులుగా కనిపిస్తుంది కానీ లోపల ఆరు అంతస్తులు, కింద ఒక బేస్‌మెంటు, పైకి వెళ్ళేకొద్దీ మెట్లు నిచ్చెన లెక్కన నిటారుగా అయిపోతాయి, పైగా చెప్పులు విప్పి కవర్లో పెట్టుకుని ఒక చేత్తో ఆ కవరు, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని ఎక్కాలి. నున్నటి చెక్క మీద సాక్సు జారుతుంది. చలికాలం వెళ్ళేవాళ్ళు మందం సాక్సు వేసుకోండి, ఆ నేల చల్లదనం ఎముకల్లోకి దిగుతుంది.

ఇంత కష్టపడి పైకెళ్తే ఏముంది అంటే, సామాను పరంగా ఏమీ లేదు. సింహాసనాలు, పరుపులు, బొమ్మలు ఊహించుకుని వెళ్తే డబ్బులు దండగ అనిపిస్తుంది, చాలామంది అదే అంటారు కూడా. పైన ఒసకాబే అని చిన్న గుడి, కిటికీల్లోంచి స్టేషన్ దాకా తిన్నగా పోయే రోడ్డు. నాకు నచ్చింది మాత్రం చెక్క పని. బేస్‌మెంట్ నుంచి పైదాకా బరువంతా మోసే రెండు మహా స్తంభాలున్నాయి, తూర్పుది ఒకటి పడమరది ఒకటి. పడమర స్తంభాన్ని 1956-64 రిపేర్లలో మార్చేశారు. ప్రతి అంతస్తులోనూ ఆ రెండింటినీ వెతుక్కుంటూ ఎక్కితే బిల్డింగు ఎలా నిలబడిందో అర్థమవుతుంది, లేకపోతే ముందువాళ్ళ వీపులు చూసుకుంటూ క్యూలో ఎక్కి దిగడమే.

అసలు 2500కి న్యాయం జరిగేది టవర్లో కాదండి, టవర్ దాకా వెళ్ళే దారిలో. హిషి గేటు దాటాక టవర్ ఇదిగో ఇక్కడే ఉందనిపిస్తుంది, కానీ దారి మెలికలు తిరుగుతూ ఒకచోట వెనక్కి పోతున్నట్టు, ఇంకోచోట కిందికి దిగుతున్నట్టు ఉంటుంది, శత్రువుని తికమక పెట్టడానికే అలా కట్టారు. మన గోల్కొండలో ఫతే దర్వాజా లోపల దారి మలుపు తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ ఆ ఆట చివరిదాకా ఆడారు. గేట్లకి పేర్లు కూడా వాళ్ళ పాత అక్షరాల వరసలో పెట్టారు, ఇ, రో, హ, ని అని. కొన్ని గేట్లు ఎంత ఇరుకంటే పొడుగు మనిషి తల వంచాల్సిందే. తెల్ల గోడల్లో తుపాకులకి, బాణాలకి వదిలిన కన్నాలు గుండ్రంగా, ముక్కోణంగా, నలుచదరంగా, నిలువు చీలికలా రకరకాలుగా ఉంటాయి. ఒక కన్నం దగ్గర వంగి చూడండి, లోపలివైపు వెడల్పు, బయటివైపు సన్నం, కింద మనం ఎక్కొచ్చిన మెట్లు సరిగ్గా గురిలో ఉంటాయి. ఇంత ఏర్పాటు చేసుకున్నా ఇక్కడ పెద్ద యుద్ధమే జరగలేదు, అది వేరే విషయం. రాళ్ళ కొరత వల్ల పాత రాతి శవపేటికలు, తిరగలి రాళ్ళు కూడా గోడల్లో పెట్టేశారు. ఒక తిరగలి రాయికి ఇనుప వల కట్టి మరీ చూపిస్తారు, ఇకెదా కన్నా ముందు హిదెయోషి అనే సేనాని ఇక్కడ కోట కట్టిస్తుంటే ఒక పేద ముసలమ్మ ఇచ్చిందని కథ. కప్పు పెంకుల అంచుల మీద ఇకెదా వాళ్ళ సీతాకోకచిలుక గుర్తు వెతకండి, పిల్లలకి మంచి కాలక్షేపం.

టవర్ చూసి దిగాక అందరూ అలసిపోయి గేటు బయటికి పోతారు, పడమర వైపున్న నిషినోమారు వదిలేస్తారు. అది వదలొద్దు. వీలైతే టవర్ కన్నా ముందే అక్కడికి వెళ్ళండి. పొడుగాటి చెక్క వరండా, పక్కన దాసీలుండే గదులు, చివర్లో సెన్‌హిమె గది. ఈవిడ అప్పట్లో జపాన్‌ని గుప్పిట్లో పెట్టుకున్న తొకుగావా ఇయెయాసు మనవరాలు, మొదటి భర్త హిదెయోరి 1615లో ఆ ఇయెయాసు సైన్యం చేతిలో ఒసాకా కోట పడిపోయినప్పుడు చనిపోయాడు, తర్వాత అప్పట్లో ఈ కోట ప్రభువులైన హోందా వాళ్ళింటి కోడలిగా ఇక్కడికొచ్చింది. భర్తని తాతే చంపించినట్టు లెక్క, పాపం.

వెళ్ళడం చాలా ఈజీ. ఒసాకా స్టేషన్ నుంచి జేఆర్ అనే రైల్వే కంపెనీ వాళ్ళ షిన్‌కైసోకు ఎక్స్‌ప్రెస్ రైలు గంటలో దింపుతుంది, 1500 యెన్ల చిల్లర. షిన్‌కాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో షిన్-ఒసాకా స్టేషన్ నుంచి అరగంటే కానీ డబ్బులు రెట్టింపు, రైలు పాస్ లేకపోతే దాని జోలికి పోవక్కర్లేదు. స్టేషన్లో కాయిన్ లాకర్లున్నాయి, హిరోషిమా వెళ్తూ మధ్యలో దిగి చూసి మళ్ళీ రైలెక్కేయొచ్చు. స్టేషన్ నుంచి కోట ఎదురుగానే, నడిస్తే ఇరవై నిమిషాలు లోపే, బస్సుకి ఖర్చు అనవసరం.

రాత్రి బస ఎక్కడ అంటే, నేనైతే రెండు రకాలుగా చెప్తా. పొద్దున్న 9కి గేటు తీసే టైమ్‌కి అక్కడ ఉండాలంటే, ముఖ్యంగా చెర్రీ సీజన్లో, హిమేజీలో ఒక రాత్రి ఉండటం బెస్టు, ఒసాకా జనం దిగేలోపు మీ పని అయిపోతుంది, చీకటి పడ్డాక లైట్లలో కోట కూడా చూడొచ్చు. స్టేషన్ దగ్గర బిజినెస్ హోటళ్ళే ఎక్కువ. మేము దిగినదాంట్లో రూము శుభ్రంగానే ఉంది కానీ ఇండియా సైజు సూట్‌కేసు నేల మీద తెరిస్తే బాత్రూమ్ తలుపు తెరుచుకోదు, ఒకళ్ళు సర్దుతుంటే ఇంకొకళ్ళు మంచం మీద ఉండాలి. పిల్లలతో, శాకాహారంతో వెళ్ళేవాళ్ళకి మాత్రం ఒసాకాకి హిమేజీకి మధ్యలో ఉన్న కోబే ఊరు బెటరు. అక్కడి సన్నోమియా స్టేషన్ నుంచి హిమేజీకి నలభై నిమిషాలే, కోబేలో ఎప్పట్నుంచో మనవాళ్ళు వ్యాపారాలు చేసుకుంటూ స్థిరపడ్డారు, కితానో వైపు జైన గుడి కూడా ఉంది, పప్పూ రొట్టే దొరకడం కష్టం కాదు.

హిమేజీలో తిండి అంటే నాన్‌వెజ్ వాళ్ళకి పాములా పొడుగ్గా ఉండే అనాగో చేప, అల్లం సోయా సాస్‌తో ఇచ్చే ఓదెన్ (పులుసులో ఉడికించిన ముక్కలు) ఉన్నాయి. వెజ్ వాళ్ళు జాగ్రత్త, కూరగాయలే కనిపిస్తున్నా ఓదెన్ పులుసు చేపతోనే కాస్తారు. పొద్దున్నపూట అయితే ఇక్కడి కాఫీ హోటళ్ళలో ఆల్మండ్ టోస్టు అడగండి, బాదం వెన్న రాసి కాల్చిస్తారు, మా ఇంట్లో అందరికీ అదే నచ్చింది.

కోట పక్కనే కోకోఎన్ అని తొమ్మిది తోటలున్నాయి, 1992లో తెరిచారు, ఒకప్పుడు ప్రభువుల పడమటి భవనం ఉన్న చోటు. దీన్ని ఎక్స్‌ట్రాగా అనుకోకండి, పైన చెప్పిన మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళకి అసలు ప్రోగ్రామే ఇది. కోటకి దీనికి కలిపి టికెట్ తీసుకోవచ్చు, విడిగా దీనికొక్కదానికీ తీసుకోవచ్చు. చేపల చెరువు, చిన్న జలపాతం, టీ గదిలో కూర్చుని మాచా (గ్రీన్ టీ పొడి కలిపిన టీ), దాంతోపాటు ఒక చిన్న స్వీటు. మాచా చేదే, స్వీటు ముందు తినేసి తాగండి.

రోజంతా చేతిలో ఉంటే మధ్యాహ్నం నుంచి షోషా కొండ మీది ఎంగ్యోజీ గుడికి వెళ్ళొచ్చు, స్టేషన్ నుంచి బస్సు, ఆపైన రోప్‌వే. పైన మళ్ళీ బానే నడవాలి, కాబట్టి టవర్ ఎక్కిన రోజే ఇదీ పెట్టుకుంటే పిల్లలు గొడవ చేస్తారు. సగం రోజే ఉంటే ఇది వదిలేసి గేట్లు, నిషినోమారు, తోటలు, ఈ మూడూ తీరిగ్గా చూడండి. కోటలోకి చివరి ఎంట్రీ 4కే, డిసెంబర్ 29, 30 రెండు రోజులూ మూసేస్తారు, ఇయర్ ఎండ్ ట్రిప్ వేసేవాళ్ళు టికెట్లు బుక్ చేసేముందు ఆ డేట్లు చూసుకోండి.