బరంపురం – పూరీ – చాందీపూర్ బైకు ప్యాకేజీలు: అడ్వాన్సు కొట్టేముందు నంబరు ప్లేటు చూడండి

ఈ చలికాలం ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ నుంచి పైకి, చాందీపూర్ దాకా సముద్రం పక్కన బైకు మీద వెళ్దామనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "బండి మాది, రూములు మావి, ఫెర్రీ టికెట్ మాది, మీరు బ్యాగు సర్దుకుని వస్తే చాలు" అనే ప్యాకేజీలు బరంపురం, ఇచ్ఛాపురం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. అలాంటిదొకటి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది, అతని స్నేహితుడు కొన్నారు. నేను బరంపురం వాణ్ణే కాబట్టి నా సొంత బండి మీద వాళ్ళతో వెళ్ళాను. ఫిర్యాదు నడుస్తోంది, అందుకని ఏజెన్సీ పేరు రాయను. పేరు మార్చుకోవడం వాళ్ళకి ఎంతసేపు? పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టేయొచ్చు.

బరంపురం స్టేషను బయట బండ్లు అప్పగించినప్పుడు రెండూ తెల్ల ప్లేటు బండ్లే. అసలు మెలిక అక్కడే ఉంది. మనకి అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. మోటారు వాహనాల చట్టం కింద 1997లో తెచ్చిన రెంట్ ఎ మోటార్ సైకిల్ స్కీము ప్రకారం, బైకులు అద్దెకి తిప్పేవాళ్ళకి రవాణా శాఖ లైసెన్సు కూడా ఉండాలి. తెల్ల ప్లేటు అంటే ఎవరో ఇంటి వాడకానికి కొనుక్కున్న బండి. దాని ఇన్సూరెన్సు పాలసీలో అద్దెకి తిప్పితే వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. బండికి ఏమీ కాకపోతే సరే. ఎవరికైనా తగిలిందనుకోండి, కంపెనీ చేతులెత్తేస్తే హ్యాండిల్ పట్టుకున్నవాడి మెడకి చుట్టుకుంటుంది.

ఈ మాటే అడిగితే అప్పగించడానికొచ్చిన కుర్రాడు నవ్వేసి, "అన్నగారూ, మనం మనం తెలుగువాళ్ళం, మోసం చేస్తామా? ఈ రూట్లో అందరూ ఇలాగే తిప్పుతారు" అన్నాడు. రెండో మాట నిజమే అయ్యుంటుంది. అప్పటికే డబ్బంతా ఒక ఫోన్‌పే నంబరుకి వెళ్ళిపోయింది, బిల్లు లేదు. సెలవులు పెట్టుకుని వచ్చిన మనుషులు ప్లేటు రంగు చూసి వెనక్కి పోరని వాళ్ళకి బాగా తెలుసు.

బండి సంగతి చెప్తాను. మా బావమరిదికిచ్చిన దానికి పైన కొత్త స్టిక్కర్లు, కడిగి పాలిష్ కొట్టిన ట్యాంకు. కింద కూర్చుని చూస్తే వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే చక్రం, పళ్ళు అరిగి, ఒక పక్కకి వంగి కొడవలి మొనల్లా ఉన్నాయి. చైను చేత్తో పైకెత్తితే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కి తగులుతోంది. వెనక టైరు మధ్యలో గాళ్ళు లేవు, నున్నగా ఉంది. చైను లింకుల మధ్య ఎర్రటి తుప్పు. "నిన్ననే సర్వీసింగ్ అయింది సార్" అన్నాడు. నేను వెంటనే ఫోన్ తీసి చైను, టైరు, కిలోమీటర్ రీడింగు, కుర్రాడి మాటతో సహా వీడియో తీశాను. తర్వాత పనికొచ్చిందల్లా అదొక్కటే.

ఇక రూటు. వాళ్ళ పోస్టరులో "గోపాల్‌పూర్ నుంచి చాందీపూర్ దాకా సముద్రం పక్కనే" అని ఉంది. అలాంటి రోడ్డు లేదు. గోపాల్‌పూర్ దాటాక హుమ్మా ఉప్పు మడులు, పాలూరు మీదుగా కృష్ణప్రసాద్ దాకా వెళ్ళే దారి అందమైనదే. ఒక పక్క చిలికా, ఎక్కడికక్కడ మొగలి పొదలు, సరుగుడు తోటలు. కానీ సముద్రం కనపడాలంటే పక్క దారుల్లోకి దిగాలి. జన్హికుడా దగ్గర రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి బండిని పంటు (ఫెర్రీ) మీదికెక్కించి సాతపడాకి దాటాలి. అటుపక్క నుంచి పూరీ సుమారు 50 కిలోమీటర్లు. పూరీ నుంచి కోణార్క్‌కి మెరైన్ డ్రైవ్ 35 కిలోమీటర్లు, సముద్రం దగ్గరగా వచ్చేది చంద్రభాగ వైపే. పారాదీప్ పైన నదుల డెల్టా, భితరకనిక మడ అడవులు. తీరం వెంట నేరుగా పోనివ్వవు, కటక్ వైపు జాతీయ రహదారి 16 ఎక్కి చాందీపూర్ పక్కనున్న బాలేశ్వర్ చేరాల్సిందే. ఇది తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. తెలియకుండా అమ్మినవాడి లెక్కల్లో గంటలన్నీ తప్పుతాయి, పంటు దగ్గర ఆ తప్పు మన మీద పడుతుంది.

మాకు పడింది. పాలూరు దాటాక చైను జారి స్ప్రాకెట్ పక్కన ఇరుక్కుంది. తోసుకుంటూ, ఆగుకుంటూ కృష్ణప్రసాద్ చేరితే అక్కడి మెకానిక్ చైనులో ఒక లింకు తీసేసి బిగించాడు. "ఈ చైను చాందీపూర్ వెళ్ళదు, పూరీ వెళ్తే జగన్నాథుడి దయ" అని ఒడియాలో అన్నాడు. మేం రేవు చేరేసరికి ఆఖరి పంటు వెళ్ళిపోయింది. బండ్లని దాటించడం సాయంత్రంతో సరి, రాత్రి ఉండదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "మీరు లేటుగా బయల్దేరారు" అన్నారు. వెనక్కి తిరిగి రంభ వచ్చి, చీకట్లో లాడ్జి వెతుక్కున్నాం. మర్నాడు చిలికా చుట్టూ బాలుగావ్, ఖుర్దా మీదుగా పూరీ పోతే మా పేరున రూము లేదు. "నో షో" అట, అంటే మేం రాలేదని తీసేశారట. రిసెప్షన్లో మెల్లగా అడిగితే తేలిందేమిటంటే, ఏజెన్సీ ఫోన్లో చెప్పి ఉంచిందే తప్ప రూపాయి కట్టలేదు.

కోణార్క్ రోడ్డులో పోలీసులు ఆపారు. ఆర్‌సీ ఎవరిదో పేరు మీద, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో అయిపోయింది. 2019 సవరణ తర్వాత పొల్యూషన్ లేకపోతే చలానా 10,000 దాకా ఉంటుంది. ఒడిశాలో ఈ విషయంలో చూసీచూడనట్టు వదలడం అరుదు. చలానా ఎవరు కట్టాలని అడిగితే, "బండి మీ చేతిలో ఉంది కదా సార్" అని జవాబు. చాందీపూర్ ఆలోచన అక్కడితో మానేశాం. తిరిగి అప్పగించినప్పుడు ఒక్కో బండికి తీసుకున్న 10,000 డిపాజిట్ ఆపేశారు. కారణం, ఉప్పుగాలికి మేం చైను తుప్పు పట్టించామట! వీడియో చూపిస్తే సగం ఇస్తామన్నారు. మేం ఒప్పుకోలేదు.

వీళ్ళు ప్యాకేజీలో కలిపి అమ్మే ఇంకో రెండు సరుకుల గురించి. ఒకటి రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట "రుషికుల్య తాబేళ్ళ నైట్ రైడ్". ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీదికి హెడ్‌లైటు వేసుకుని బండ్లతో పోవడానికి అటవీ శాఖ ఒప్పుకోదు. అవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవాలు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నవి. కేసు పడితే గైడు కనిపించడు. రెండోది "చాందీపూర్ సీ బెడ్ రైడ్". అక్కడ రోజుకి రెండుసార్లు సముద్రం దాదాపు 5 కిలోమీటర్లు వెనక్కి పోయేమాట నిజం. ఆ తడి ఇసుకలో చక్రం కూరుకుపోయాక నీరు తిరిగి రావడం మొదలైతే బండి వదిలేసి పరుగెత్తాలి. నడిచి చూడండి, చక్కగా గుర్రపు నాడా పీతలు కనిపిస్తాయి.

ఇప్పటికే ఎక్కడైనా అడ్వాన్సు కట్టినవాళ్ళుంటే ఈ రోజే బండి నంబరు అడగండి. రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో కొడితే వాహనం రకం, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు వచ్చేస్తాయి. "బండి ఆ రోజు అలాట్ చేస్తాం" అంటే డబ్బు వెనక్కి అడగండి. హోటలుకి మీరే నేరుగా ఫోన్ చేసి డబ్బు అందిందా అని కనుక్కోండి. తుపాను వస్తే డబ్బు సంగతేమిటో రాతపూర్వకంగా తీసుకోండి, ముఖ్యంగా అక్టోబరు బుకింగులకి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ కూడా అదే నెలలో మన పక్క శ్రీకాకుళం మీద పడింది. "వాతావరణం మా చేతిలో లేదు, నో రిఫండ్" అన్న లైను వాళ్ళ షరతుల్లో చివర చిన్న అక్షరాల్లో ఉంది.

మోసపోయినవాళ్ళు ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, బరంపురం దాకా తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. మా బావమరిది హైదరాబాద్ నుంచే వేశాడు. వాట్సాప్ చాట్, పేమెంటు స్క్రీన్‌షాట్లు, బండి వీడియో, మెకానిక్ రాసిచ్చిన చీటీ జత చేశాడు. డబ్బు తీసుకుని ఫోన్ ఆపేసిన రకమైతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నన్నడిగితే ఈ రూటుకి అద్దె బండే వద్దు. వైజాగ్ నుంచైతే సొంత బండి మీదే వచ్చేయండి, దారిలో బారువ, ఇచ్ఛాపురం దగ్గర సోనపూర్ బీచ్ కూడా చూసినట్టవుతుంది. హైదరాబాద్ వాళ్ళు రైల్లో బండి వేసుకుని బరంపురంలో దింపుకోవచ్చు. ఆర్‌సీ, ఆధార్ కాపీలు పట్టుకెళ్ళండి. పెట్రోలు పూర్తిగా తీసేస్తేనే పార్సిల్ ఆఫీసులో తీసుకుంటారు కాబట్టి, ఇక్కడ దిగాక దగ్గరి బంకు దాకా తోసుకుంటూ పోవాలి. అంతకు మించి కష్టమేం లేదు.