అణు పరీక్షల సైనికుల కుటుంబాలకు ఏది మేలు: ఒకేసారి లక్ష డాలర్లా, నెలవారీ పింఛనా?

అణు పరీక్షల్లో బాంబు వెలుగుకు కళ్లు మూసుకుని చేతులు అడ్డం పెట్టుకుంటే, తమ వేళ్ల ఎముకలు తమకే కనిపించాయని ఎందరో అమెరికా సైనికులు చెప్పారు. కానీ రహస్య ఆంక్ష 1996 దాకా ఉండటంతో ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోలేకపోయారు.

డబ్బు: రేడియేషన్ బాధితులకు పరిహారమిచ్చే అమెరికా చట్టం రెకా (RECA) కింద ఒకేసారి 1,00,000 డాలర్లు. రేడియేషన్ వల్ల వచ్చిన జబ్బుతో భర్త పోతే మాజీ సైనికుల శాఖ భార్యకిచ్చే పింఛను 2025లో నెలకు సుమారు 1,653 డాలర్లు, అంటే ఐదేళ్లు దాటితే ఇదే ఎక్కువ.

శ్రమ: రెండింటికీ ఆ పరీక్షల్లో ఉన్నట్టు రుజువు కావాలి. 1973లో సెయింట్ లూయిస్ నగరంలోని రికార్డుల కేంద్రంలో లేచిన మంటల్లో లక్షలాది సైనిక రికార్డులు కాలిపోయాయి కాబట్టి ముందు సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన పాత డిశ్చార్జి కాగితం ఇంట్లో వెతకండి.

రిస్క్: రెకా గడువు 2027 డిసెంబర్ 31. పైగా రెండూ పూర్తిగా రావు, ఒకదాంట్లోంచి ఇంకోటి కోస్తారు.

తల్లి ఉంటే పింఛను, తల్లిదండ్రులిద్దరూ పోయి ఎదిగిన పిల్లలే మిగిలితే రెకా. ఆ పిల్లల సొంత జబ్బులకు మాత్రం రెండింట్లోనూ పైసా లేదు, అది చాలా అన్యాయం.