బెంగళూరులో బీఎస్‌6 డీజిల్ కారు: నాలుగేళ్లు వాడాక

మారతహళ్లిలో ఉంటూ డీజిల్ కారు కొనమంటావా అని అడిగేవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను: నెలకోసారైనా ఊరికి వెళ్తారా? వెళ్లకపోతే వద్దు.

నాది ఏడు సీట్ల బీఎస్‌6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్. పికప్ గురించి, సీట్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను సైలెన్సర్ వైపు సంగతే రాస్తాను. నాకు ఖర్చయినా, టెన్షన్ వచ్చినా అక్కడి నుంచే.

2020 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనల కింద డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగ్గ నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి 25 నుంచి 4.5కి తగ్గాయి. అందుకని ఇంజన్ వెనకాల ఓ చిన్న కెమిస్ట్రీ ల్యాబే పెట్టారు. మొదట ప్లాటినం పూసిన ఉత్ప్రేరకం కార్బన్ మోనాక్సైడ్‌నూ, సరిగా కాలని ఇంధనాన్నీ ఆక్సీకరణం చేస్తుంది. ఆ తర్వాత మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్. చివర్లో ఎస్‌సీఆర్ అనే మరో ఉత్ప్రేరకం: అక్కడ యూరియా ద్రవం వేడికి అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది.

అన్నిటికీ వేడి కావాలి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో పాకే బండికి అంత వేడి ఎక్కడ పుడుతుంది? డీపీఎఫ్‌లో చేరిన మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా రావాలి. దానికోసం ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఐడిల్ కాస్త పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. బేస్‌మెంట్‌లో బండి ఆపేశాక కూడా ఫ్యాన్ హోరుమంటూనే ఉంటుంది, ఇనుము కాలిన వాసన వస్తుంది. అంటే పని సగంలో ఉండగానే మనం ఇల్లు చేరామన్నమాట. పదేపదే ఇలా అయితే డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది కూడా. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది.

మొదటిసారి లైటు వస్తే సర్వీస్ సెంటర్‌వాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి మసి కాల్చి, బిల్లు చేతిలో పెట్టారు. హైవే ఎక్కితే చాలు అన్న ముక్క మాత్రం చెప్పలేదు. రెండోసారి లైటుతోనే అనంతపురం బయల్దేరాను. దేవనహళ్లి దాటి ఒకే వేగంతో పోతుంటే, బాగేపల్లి టోల్ రాకముందే ఆరిపోయింది.

యూరియా ద్రవాన్ని బంకుల్లో డీఈఎఫ్ అంటారు. నీలం మూత, డీజిల్ మూత పక్కనే. పోసేటప్పుడు ఒలికితే ఆరాక తెల్లగా పేరుకుంటుంది, నీళ్లతో కడిగేయాలి. మీటర్ హెచ్చరిస్తున్నా పోయకపోతే చివరికి ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాదు. మా మామ ఇది చూసి, "యూరియా మూట ఇంట్లోనే ఉంది కదప్పా, నీళ్లల్లో కలిపి పోస్తే పోదా?" అన్నాడు. పోదు మామా. డీఈఎఫ్‌లో యూరియా 32.5 శాతమే, అదీ శుద్ధమైనది. పొలానికి వేసేదానికి 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. అది ఉత్ప్రేరకానికి పడదు.

ఒక మెకానిక్ అయితే ఇవన్నీ పీకించేయండి సార్, పికప్ అదిరిపోద్ది అన్నాడు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి డీజిల్ బండి పొగ నలుపే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు కాబట్టి ఎస్‌సీఆర్ తీసేసినా దొరకరు. నేను వద్దన్నాను. ఈ బండికి పాతవాటికన్నా ఎక్కువ డబ్బు పోసిందే ఆ సామానుకి.